తీరని దప్పి

మైపాడు మొదలు కృష్ణపట్నము వరకు గల మా నెల్లూరి తీరమున, వేసవియెండకును ఉప్పుగాలికిని దప్పి యగుట వింత గాదు. మితిమీరినచో మధుమేహమని తలంతురు. కాని రాచపుండు, అనగా కాన్సరు, సోకినవారికి రేయింబవళ్లు తీరని దప్పియు, చక్కెర లేని నీరువంటి మూత్రము విస్తారముగ పోవుటయు కలిగినచో, ఆ దప్పి చెప్పు సంగతి వేరు. దానిని వైద్యులు తెలిసికొనిన చరిత్రను మనవి చేసెదను.

మెదడు క్రింద శనగగింజంత పీయూషగ్రంథి కలదు. 1857లో బెంజమిన్ అను వైద్యుడు, మెలనోమా అను రాచపుండుతో మరణించిన రోగి శవమును పరీక్షించి, వ్యాధి యీ గ్రంథికిని ప్రాకుటను మొదట వర్ణించెను. రొమ్మునుండియు, ఊపిరితిత్తులనుండియు ప్రాకునదే యెక్కువ. గ్రంథి వెనుకభాగమునకు ధమనులనుండి రక్తము తిన్నగా వచ్చును గావున, రోగకణములు తరచుగా నచ్చటనే దిగును. మూత్రమును అదుపులో నుంచు హార్మోను వెలువడునదియు నచ్చటినుండియే. దప్పికి కారణ మిదియే. 1913లో జర్మనీయందు ఫాన్ డెన్ వెల్డెన్, ఇటలీయందు ఫరీని, ఆ వెనుకభాగపు రసమును సూదిద్వారా ఎక్కించి అతిమూత్రమును తగ్గించిరి. గ్రంథి చెడినను దాని లోటు తీర్పవచ్చునని అప్పుడు తెలిసెను. కార్టిజోను లభించిన పిమ్మట, 1950 దశకమున స్వీడనులో లుఫ్ట్, ఒలివెక్రోనాలు, రొమ్ము రాచపుండు వ్యాపించినవారికి ఈ గ్రంథినే తీసివేసి, మందులతో వారిని బ్రతికింపగలిగిరి.

మన దక్షిణదేశమున 1949లో వేలూరునందు జేకబ్ చాండీగారును, 1950లో మద్రాసునందు బి. రామమూర్తిగారును మెదడు శస్త్రచికిత్సకు పునాది వేసిరి. 1954లో ముత్తులక్ష్మీరెడ్డిగారి కృషిచే అడయారున కాన్సరు ఇన్‌స్టిట్యూటు వెలసెను.

నేడు ఎమ్మారై చిత్రము, రక్తమూత్ర పరీక్షలు వ్యాధిని పట్టియిచ్చును. తలనొప్పి, చూపు మందగించుట, కన్ను వాలుట కూడ గుర్తులే. గ్రంథియం దుండు సామాన్యపు గడ్డ అతిమూత్రమును కలిగించుట అరుదు. కావున ఈ గుర్తు విలువైనది. చికిత్సలో ముందుగా హైడ్రోకార్టిజోను, పిదప థైరాక్సిన్ ఇయ్యవలెను. ఈ వరుస తప్పిన ప్రాణాపాయము. దప్పికి డెస్మోప్రెసిన్ కలదు. చూపు నొక్కుకొనిపోవుచున్నచో ముక్కుదారిని శస్త్రచికిత్స చేయుదురు. గడ్డపై కిరణములు ప్రసరింపజేయుదురు. మూలవ్యాధికి వేరుగా మందు లిత్తురు. వ్యాధి సమూలముగ పోవుట అరుదైనను, రోగికి ఓపికయు, చూపును, ప్రశాంతమైన నిద్రయు మరల లభింపవచ్చును.

మన యిండ్లలో రాచపుండు పేరెత్తుటకు జంకుదురు. ఆడపిల్లల పెండ్లిండ్లకు అడ్డమని దాచుటయు నేనెరుగుదును. కాని ఏనాడో నయమైన రొమ్ముజబ్బు సంగతి దాచినచో, నేటి దప్పికి అర్థము వైద్యునకు ఎట్లు తెలియును? ఊరివారికి చెప్పకున్న మానె, వైద్యునకు మాత్రము చెప్పుడు.