ట్యూబ్‌లైటు మీద దాత పేరు

మన ఊళ్ల గుళ్లలో ట్యూబ్‌లైట్లు చూసే ఉంటారు. వెలుతురు రావలసిన చోటంతా ఎర్ర రంగుతో "కీర్తిశేషులు ఫలానావారి జ్ఞాపకార్థం, వారి కుమారులు" అని రాయించి, ఆ అక్షరాల సందుల్లోంచి దేవుడికి కాస్త వెలుతురు పంపిస్తాం. ఫ్యాను రెక్కల మీద కూడా రాయిస్తాం, తిరిగేటప్పుడు ఎవరూ చదవలేరని తెలిసీ.

ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో మొదటిసారి కంటి ఆసుపత్రికి వెళ్లినప్పుడు నాకు ఆ ట్యూబ్‌లైట్లే గుర్తొచ్చాయి. గుమ్మానికో పలక, గదికో పలక, లోపల మిషనుకో చిన్న పలక. ఒకటి ఫ్రెస్నో వాళ్లది, ఒకటి బోస్టన్‌ది, ఒకటి ప్యారిస్‌ది. పేర్లన్నీ "యాన్" అనే ముగుస్తాయి, వీళ్ల ఇంటిపేర్లంతే. దేశంలో ఉన్నది 30 లక్షల మంది. బయటున్నవాళ్లు అంతకు రెట్టింపు పైమాటే. సరే, మనవాళ్లు మాత్రం అమెరికాలో లేరా? కానీ ఇంట్లోవాళ్ల కంటే బయటివాళ్లే ఎక్కువగా ఉన్న దేశాన్ని నేనెప్పుడూ చూడలేదు.

మా ఆయనా నేనూ ఇక్కడ మెడిసిన్ చదువుకునే మన పిల్లలకి మెస్సు నడుపుతాం. అంతకుముందు బందరులో జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. తేదీలు అడిగి చాలామంది పిల్లల్ని ఏడిపించాను కాబట్టి, ఆ పాపం పోయేలా మిమ్మల్ని ఎక్కువ తేదీలతో విసిగించను.

ఆ రోజు కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది మా ఇంటి ఓనరమ్మని. ఆమెని తాతిక్ అంటాం. ఆర్మేనియన్‌లో తాతిక్ అంటే నానమ్మ. మెస్సుకి కొత్తగా వచ్చిన ప్రతి పిల్లాడూ "తాతెక్కడండీ?" అని అడుగుతాడు, తాతిక్ "నేనే" అంటుంది. మా ముందు వరసలో సిసియాన్ వైపునుంచి వచ్చిన ఒక ముసలి రైతు ఉన్నాడు. డాక్టరుగారు బీరుట్‌లో పుట్టి, కాలిఫోర్నియాలో స్థిరపడి, సెలవు పెట్టుకుని రెండు వారాలకి వచ్చినాయన. ఆయన ఏదో అడిగాడు. రైతు ఏదో చెప్పాడు. ఆయన మళ్లీ అడిగాడు, ఈసారి గట్టిగా. రైతు ఇంకా గట్టిగా చెప్పాడు. ఇద్దరూ ఆర్మేనియన్లే, మాట్లాడేదీ ఆర్మేనియనే.

సంగతేమిటంటే, బీరుట్ వాళ్లది పశ్చిమ ఆర్మేనియన్, ఇక్కడివాళ్లది తూర్పు ఆర్మేనియన్. అక్కడి బెద్రోస్ ఇక్కడ పెత్రోస్, అక్కడి క్రికోర్ ఇక్కడ గ్రిగోర్. గుడ్డుకి కూడా మాట వేరు. దానికితోడు డెబ్బై ఏళ్లు సోవియట్ పాలనలో ఉన్నవాళ్లు కాబట్టి రోగాలన్నిటికీ రష్యన్ మాటలే వాడతారు. మనం బీపీ, షుగరు అన్నట్టు. రైతు తన కంట్లో "దవ్లేనియా" అంటున్నాడు, అంటే ప్రెషరు. "ఉకోల్" వేశారంటున్నాడు, అంటే ఇంజక్షను. బీరుట్ ఆయనకి రష్యన్ ఎక్కణ్నుంచి వస్తుంది? హోసూరులో తరాలుగా ఉన్న తెలుగాయన గుంటూరు వచ్చి "స్కానింగు తీయించారా" అన్న మాటకి తెల్లమొహం వేసినట్టుంది. మెస్సు కోసం పదేళ్లుగా బజార్లో బేరాలాడి నేర్చుకున్న భాష నాది. ఆగలేక నోరు జారి చెప్పేశాను: కంట్లో ప్రెషరటండీ, ఇంజక్షను వేశారట. ఆయన నన్నూ నా బొట్టునీ రైతునీ మార్చి మార్చి చూశాడు. ఆర్మేనియన్ డాక్టరుకీ ఆర్మేనియన్ పేషెంటుకీ మధ్య దుబాసీ బందరు మనిషి!

ఇంటికొస్తూ తాతిక్ అంది, "నాకు ఆయన మాట బాగానే అర్థమైందే. మా అమ్మమ్మలా మాట్లాడాడు." తాతిక్‌ది గ్యుమ్రి. ఆ ఊరివాళ్ల పూర్వీకులు కార్స్, ఎర్జురూమ్ వైపునుంచి వలస వచ్చినవాళ్లు, యాసలో పశ్చిమం పోకడ ఉంది.

ఆ పశ్చిమం ఇప్పుడు టర్కీలో ఉంది. నాకు మింగుడు పడనిది ఇక్కడే. 1915లో ఒట్టోమన్ ప్రభుత్వం ఆర్మేనియన్లని ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించి, చంపి, ఎడారి దారి పట్టించింది. మిగిలినవాళ్లు అలెప్పో, బీరుట్, మార్సెయి, ఫ్రెస్నో చేరారు. ఇల్లూ పొలమూ పోయినవాడు పిల్లలకి ఇచ్చేది చదువొక్కటే కదా. అంతకు ముందే వెళ్లిన వరాజ్‌తాద్ కజంజియన్ అనే కుర్రాడు వూస్టర్‌లో తీగల ఫ్యాక్టరీలో పని చేసి, హార్వర్డ్‌లో పళ్ల వైద్యం చదివి, మొదటి ప్రపంచ యుద్ధంలో దవడలు ఎగిరిపోయిన సైనికులకి మొహాలు తిరిగి కట్టాడు. ప్లాస్టిక్ సర్జరీకి ఆద్యుల్లో ఆయనొకడు. అలాంటివాళ్ల మనవలూ మునిమనవలూ ఇప్పుడు డాక్టర్లై ఇక్కడికొస్తున్నారు. కానీ వాళ్ల తాతల ఊరు ఖర్పెర్త్, మరాష్, అదానా. యెరెవాన్ కాదు. మన తానా డాక్టరు సెలవులకొచ్చి మెడికల్ క్యాంపు పెడితే తను పుట్టిన ఊళ్లోనే పెడతాడు, వచ్చినవాళ్లలో సగం మంది బంధువులే. ఈ బీరుట్ డాక్టరుకి ఇక్కడ చుట్టమంటూ లేడు. తాతల ఊరికి వెళ్లే వీలు లేక, మిగిలిన ఈ ముక్కనే ఊరనుకుని వస్తున్నాడు.

1988 వరకు అలా రావడం కూడా కష్టంగానే ఉండేది. ఆ ఏడాది డిసెంబరు 7న, పగలు 11:41కి, భూమి కంపించింది. స్పితాక్ నేలమట్టమైంది. అప్పట్లో లెనినకాన్ అనే పేరున్న గ్యుమ్రిలో సగం ఊరు కూలింది. కనీసం 25,000 మంది పోయారు. న్యూయార్క్‌లో ఉన్న గోర్బచేవ్ పర్యటన మధ్యలో ఆపి వచ్చేశాడు. బయటి దేశాల విమానాలకి సోవియట్ తలుపులు తెరుచుకున్నాయి.

తాతిక్ అప్పుడు అక్కడ నర్సు. రాత్రి డ్యూటీ చేసి ఇంటికొచ్చి పడుకోబట్టి బతికింది. ఆసుపత్రి కూలిపోయింది, పగలు డ్యూటీవాళ్లు దాని కిందే ఉండిపోయారు. ఆమె చెప్పింది విన్నాక నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. రాళ్ల కింద రెండ్రోజులు ఉన్నవాళ్లని బయటికి తీస్తే, మంచినీళ్లు తాగి, పేరు చెప్పి, పిల్లల గురించి అడిగి, మరో నాలుగు రోజులకి పోయేవారట. నలిగిన కండలోంచి వచ్చే విషం మూత్రపిండాల్ని మూసేస్తుంది. డయాలసిస్ ఉంటే బతుకుతారు. ఉన్న మిషన్లెన్ని, నలిగినవాళ్లెందరు! ప్రపంచం నలుమూలల నుంచీ మిషన్లూ కిడ్నీ డాక్టర్లూ వచ్చారు. ఆ అనుభవం మీదే ఆ తర్వాత అంతర్జాతీయ కిడ్నీ వైద్యుల సంఘం విపత్తులకి పరుగెత్తే ప్రత్యేక దళాన్ని తయారుచేసుకుంది.

మందులూ వచ్చాయి. ఎన్ని? వైద్య సామగ్రితో కలిపి 5,000 టన్నులు. లెక్కలు తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రాల్లోకి ఎక్కాయి. ఏమొచ్చిందో తేల్చుకోడానికి 50 మందికి ఆరు నెలలు పట్టింది. నూటికి 8 పాళ్లు వచ్చేసరికే గడువు దాటినవి, 4 పాళ్లు చలికి గడ్డకట్టి పాడైనవి. మిగిలినవాటిలో తేలిగ్గా గుర్తుపట్టగలిగినవి 30 శాతమే. చాలావాటి మీద కంపెనీ పెట్టిన పేరే తప్ప లోపలున్న మందు పేరు లేదు. ఇది చదివి నవ్వుదామంటే దివిసీమ ఉప్పెన అడ్డొచ్చింది. 1977లో ఉప్పెన తర్వాత మా అమ్మమ్మకి సాయం కింద అందింది ఉన్ని స్వెట్టరు. బందరు ఎండలో ఉన్ని స్వెట్టరు! పంపినామె ఎవరో మనసారా పంపి ఉంటుంది. అమ్మమ్మ దాన్ని విప్పి, ఆ దారంతో గుమ్మానికి తోరణం అల్లింది.

ఆ మందుల పెట్టెల అనుభవం తర్వాతే కాబోలు, బయటి ఆర్మేనియన్ డాక్టర్ల పని తీరు మారినట్టు కనిపిస్తుంది. 1992లో రోజర్ ఒహానెసియన్ అనే కాలిఫోర్నియా కంటి డాక్టరు ఆర్మేనియన్ ఐకేర్ ప్రాజెక్ట్ మొదలుపెట్టాడు. అవి దేశం చీకట్లో ఉన్న రోజులు. భూకంపం భయంతో అణువిద్యుత్ కేంద్రం మూసేశారు, పక్కన యుద్ధం, సరిహద్దులు బంద్. పార్కుల్లో చెట్లు కొట్టి పొయ్యిలో పెట్టుకున్నారు. ఆయన ఆపరేషన్లు చేసి వెళ్లిపోకుండా ఇక్కడి డాక్టర్లకి చెయ్యి తిరిగేలా నేర్పించడం మీద పడ్డాడు, కొందరిని అమెరికా పంపి చదివించాడు. 2003 నుంచి లోపలే ఆపరేషన్ గది ఉన్న కంటి బండి ఒకటి ఊరూరా తిరుగుతోంది. మన గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు గుర్తురాక మానరు. ఆయనా రోచెస్టర్ వదిలి హైదరాబాద్ వచ్చి ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పెట్టారు. తేడా ఒక్కటే, ఆయన తిరిగి వచ్చేశారు. ఇక్కడికొచ్చేవాళ్లలో ఎక్కువమంది చేతిలో రిటర్న్ టికెట్ ఉంటుంది. అది ఇక్కడి కుర్ర డాక్టర్లకి గుచ్చుకుంటుంది. మా మెస్సుకి చారు తాగడానికొచ్చే ఒకాయన అన్నాడు, "రెండు వారాలు వాళ్లు దేవుళ్లు, యాభై వారాలు మేము క్యూ." ఆ మాటా అబద్ధం కాదు.

బయట ఉండి దేశం గురించి కలలు కనడం వీళ్లకి కొత్త కాదు, అందులో మన గడ్డకీ వాటా ఉంది. మా బందరు రేవులో ఆర్మేనియన్ వర్తకులు ఒకప్పుడు బట్టల బేరం చేసినవాళ్లే. హైదరాబాద్ ఉప్పుగూడలో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, వెళ్తే చూడొచ్చు. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక అచ్చయింది యెరెవాన్‌లో కాదు, 1794లో, మద్రాసులో. అంతకంటే ముందే అక్కడి షాహమీర్ షాహమీరియన్ అనే వర్తకుడు, స్వతంత్రంగా ఉన్న ఆర్మేనియా అంటూ లేనేలేని రోజుల్లో, దానికి రాజ్యాంగం రాసి పెట్టుకున్నాడు. వ్యాపారం చూసుకోక ఇదేం పని అని ఇంట్లోవాళ్లు అని ఉండరా? ఇది తెలిసిన రోజు నేను తాతిక్‌కి ఫోన్‌లో మద్రాసు ఆర్మేనియన్ వీధి ఫొటోలు గంటసేపు చూపించాను. ఆమెకి చర్చి కంటే పక్కనున్న కొబ్బరి బోండాల బండి నచ్చింది.

తాతిక్ కంటికి ఆపరేషను బాగా జరిగింది. చెప్పుకోకూడదు గానీ, ఆ నెలలోనే బందరులో మా అమ్మకీ శుక్లం తీశారు. పక్కన కూర్చుని చుక్కలు వేసింది మా తమ్ముడి భార్య. నేను ఇక్కడ వేరే తల్లికి గంట గంటకీ చుక్కలు వేస్తూ వీడియో కాల్‌లో మరదలికి జాగ్రత్తలు చెప్పాను. అమ్మ అంది, "నువ్వు డాక్టరువైపోయావే."

పట్టీ తీసిన వారానికి తాతిక్ చూపు వచ్చిన సంబరంలో అలమార సర్దడం మొదలుపెట్టింది. కాఫీ కప్పుల వెనకనుంచి ఒక గాజు సీసా తీసింది. మూత తెరవలేదు, లోపల మందు గోధుమ రంగుకి తిరిగి అడుక్కి దిగింది. భూకంపమప్పుడొచ్చిన మందుల పెట్టెల్లోదేనట. ఏ భాషో తెలియక, ఎవరికిచ్చినా ప్రమాదమని పక్కన పెట్టి, పారేయడానికి మనసొప్పక ఊరు మారినా వెంట తెచ్చుకుంది. మా మెస్సు పిల్లాడొకడు ఫోన్ పట్టి లేబులు చదివించాడు. పిల్లల దగ్గు మందు.

తాతిక్ సీసాని వెలుతురుకి పెట్టి కొత్త కంటితో ఆ అక్షరాలు చూసింది. "ఆ చలికాలమంతా గుడారాల్లో పిల్లలు దగ్గుతూనే ఉన్నారు" అంది. మనం కొంగుతో తుడిచినట్టు ఏప్రన్ అంచుతో సీసా తుడిచి, మళ్లీ కప్పుల వెనకే పెట్టేసింది.