పట్టాలు పోయాక పుట్టిన బాట

రైలింజనుకు ఎత్తులంటే పడదు. అందుకే 19వ శతాబ్దపు ఇంగ్లండులో రైలుదారి వేసినవాళ్లు గుట్టల్ని తొలిచి, పల్లాల్ని మట్టికట్టలతో పూడ్చి, నేలను వీలైనంత చదును చేశారు. ఆ చాకిరీ ఫలం వందేళ్ల తర్వాత సైకిలు తొక్కేవాళ్లకు దక్కింది.

1869లో మిడ్లాండ్ రైల్వే బ్రిస్టల్ దగ్గరి మాంగట్స్‌ఫీల్డ్ నుంచి బాత్ నగరం దాకా లైను వేసింది. 1963లో బ్రిటిష్ రైల్వేల ఛైర్మన్ రిచర్డ్ బీచింగ్ నివేదిక నష్టాల లైన్లను మూసేయమంది. ఈ లైనులో ప్రయాణికుల రైళ్లు 1966లో ఆగిపోయాయి. కొన్నాళ్లకు పట్టాలూ పోయాయి.

1977లో బ్రిస్టల్‌లో కొందరు సైకిలు దారుల కోసం సైకిల్‌బ్యాగ్ అనే సంఘం పెట్టారు. ముందు నిలిచినవాడు ఇంజనీరు జాన్ గ్రిమ్‌షా. అర్జీలు పెట్టి కూర్చునే రకం కాదాయన. 1979లో వాలంటీర్ల చేత పారలు పట్టించి, ఆ పాత రైలుదారి మీద బాత్ వైపు సైకిలు బాట మొదటి ముక్క వేయించాడు. 1986 నాటికి రెండు ఊళ్ల మధ్య సుమారు 21 కిలోమీటర్ల బాట సిద్ధమైంది. ఆ సంఘమే తర్వాత సస్ట్రాన్స్ పేరుతో దేశమంతా సైకిలు దారులు అల్లింది.

బ్రిస్టల్ నుంచి బయల్దేరితే దారిలో స్టేపుల్ హిల్ సొరంగం వస్తుంది. పొడవు దాదాపు 470 మీటర్లు. బయట ఎండ కాస్తున్నా లోపల చల్లగా ఉంటుంది, సైకిలు బెల్లు కొడితే గోడలు బదులిస్తాయి. అది దాటితే మాంగట్స్‌ఫీల్డ్ పాత స్టేషను మొండిగోడలు. కార్లు లేవు, హారన్లు లేవు. పిల్లల్ని వెంటేసుకుని ఒక్క పూటలో బాత్ చేరుకోవచ్చు.

బిట్టన్‌లో మాత్రం దిగి కాసేపు ఆగాలి. అక్కడ వాలంటీర్లు మళ్లీ పట్టాలు వేసి, బాట పక్కనే ఆవిరి రైలు నడుపుతున్నారు.