బేరియాట్రిక్ శస్త్రచికిత్స: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ముందూ తర్వాతా జీవనం

అధిక బరువును, దానితో పాటు వచ్చే మధుమేహం, రక్తపోటు వంటి జబ్బులను అదుపు చేయడానికి జీర్ణాశయాన్ని చిన్నది చేసే, లేదా ఆహారం సాగే దారిని మార్చే ఆపరేషన్లను బేరియాట్రిక్ శస్త్రచికిత్స అంటారు. ఆపరేషన్ సాధారణంగా ఒకటి రెండు గంటల పని. చిక్కులేమీ లేకపోతే రోగి రెండు మూడు రోజుల్లో ఇంటికి వస్తాడు. దాని ముందు కొన్ని వారాలు, నెలలు, దాని తర్వాత బతికినన్నాళ్లూ తిండి, నీళ్లు, గోలీలు, పని, పండుగ అన్నీ వేరే పద్ధతిలో నడుస్తాయి. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి ఏర్పడిన జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఆ మార్పు ఎలా ఉంటుందో, ఎక్కడ కష్టమవుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

పాలమూరు, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్, అనగానే కరువు, వలస కూలీలు గుర్తొస్తారు. అలాంటి చోట ఊబకాయమా అని ఆశ్చర్యం కలగవచ్చు. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 30.1 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. అదే వయసు మహిళల్లో 18.8 శాతం మంది ఉండవలసిన దానికన్నా సన్నగా ఉన్నారు. ఈ రెండూ ఒకే ఊళ్లో, కొన్నిసార్లు ఒకే ఇంట్లో కనిపిస్తాయి. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి పథకాల నీళ్లతో వరి పెరిగింది. జొన్న రొట్టె తినే ఇళ్లలో రెండు పూటలా అన్నం వచ్చింది. నడక స్థానంలో బండి వచ్చింది. ఒళ్లు పెరగడానికి తిండిపోతుతనమే కారణమనే నింద అన్యాయం. వంశపారంపర్యం, హార్మోన్లు, నిద్ర, మందులు, చిన్నప్పటి పోషణ లోపం అన్నీ ఇందులో భాగమే.

ఆపరేషన్లలో రకాలు

భారతదేశంలో ఎక్కువగా చేసేది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. జీర్ణాశయంలో దాదాపు 75–80 శాతం భాగాన్ని తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా కుడతారు. ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ భాగంలోనే. అందుకే మొదటి నెలల్లో చాలామందికి ఆకలే వేయదు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. దీని తొలి రూపాన్ని అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ 1960లలో రూపొందించారు. 1990ల నుంచి కడుపుకు పెద్ద కోత లేకుండా లాపరోస్కోపీతో చేస్తున్నారు. స్లీవ్‌తో శరీర బరువులో సుమారు పాతిక శాతం, బైపాస్‌తో సుమారు 30 శాతం తగ్గడం సాధారణం. మనిషిని బట్టి ఈ లెక్క మారుతుంది.

బేరియాట్రిక్ శస్త్రచికిత్సను లైపోసక్షన్‌గా పొరబడకూడదు. నటి ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో మరణించినప్పుడు, కొన్ని వారాల ముందు ఆమె చేయించుకున్న లైపోసక్షన్ గురించి తెలుగునాట విస్తారంగా మాట్లాడుకున్నారు. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును పీల్చే సౌందర్య చికిత్స. అది ఆకలినీ మధుమేహాన్నీ మార్చదు. బేరియాట్రిక్ ఆపరేషన్ జీర్ణవ్యవస్థ మీద చేసేది. అనుభవజ్ఞుల చేతుల్లో మరణ ప్రమాదం వెయ్యిమందికి ఒకరి నుంచి ముగ్గురి వరకు ఉంటుందని పెద్ద అధ్యయనాలు చెబుతున్నాయి. ప్రమాదం తక్కువే కానీ సున్నా కాదు.

ఎవరికి చేస్తారు

కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్యను బీఎంఐ అంటారు. భారతీయులకు తక్కువ బరువులోనే మధుమేహం వస్తుంది కాబట్టి ఇక్కడి వైద్యులు చాలాకాలంగా 37.5 దాటితే, లేదా మధుమేహం వంటి జబ్బులుండి 32.5 దాటితే ఆపరేషన్ ఆలోచిస్తున్నారు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి ఇవి 96 కిలోలు, 83 కిలోలు. 2022లో అంతర్జాతీయ సంఘాలు ఈ హద్దులను ఇంకా తగ్గించాయి. ఆరోగ్య బీమా మాత్రం పాత చోటే ఉంది. బీమా నియంత్రణ సంస్థ ప్రామాణిక నిబంధన ప్రకారం బీఎంఐ 40, లేదా తీవ్రమైన అనుబంధ జబ్బులతో 35 ఉంటేనే ఖర్చు వస్తుంది. షుగర్ అదుపులో లేని, 160 సెంటీమీటర్ల ఎత్తు, 86 కిలోల బరువున్న వనపర్తి మనిషికి డాక్టరు ఆపరేషన్ అవసరమంటాడు, బీమా కంపెనీ కాదంటుంది. ఈ తేడాను ముందే తెలుసుకోకపోతే అప్పు మిగులుతుంది. ప్రభుత్వ రంగంలో దారి బొత్తిగా లేకపోలేదు. 2022లో హైదరాబాద్ ఉస్మానియా జనరల్ ఆసుపత్రి వైద్యులు 240 కిలోల యువకుడికి ఉచితంగా ఈ ఆపరేషన్ చేశారు.

2025లో మౌంజారో, వెగోవి అనే ఇంజెక్షన్లు భారత మార్కెట్లోకి వచ్చాయి. కొందరికి ఇవి ఆపరేషన్‌ను వాయిదా వేయగలవు. మానేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుంది.

ముందటి నెలలు

రక్త పరీక్షలు, ఎండోస్కోపీ, గుండె పరీక్ష, గురకతో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో చూడటం, మానసిక వైద్యుడితో మాట్లాడటం ఈ దశలో జరుగుతాయి. ఆపరేషన్‌కు సుమారు రెండు వారాల ముందు నుంచి అన్నం, రొట్టె, తీపి బాగా తగ్గించి మాంసకృత్తులు ఎక్కువగా ఉండే ఆహారం ఇస్తారు. దానివల్ల కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం చిన్నదై, సర్జన్‌కు జీర్ణాశయం సులువుగా అందుతుంది. బీడీ, సిగరెట్, ఖైనీ కనీసం ఆరు వారాల ముందే ఆపాలి. కుట్లు మానకపోవడానికీ, తర్వాత పుండ్లు పడటానికీ పొగాకు పెద్ద కారణం.

ఈ జిల్లాల్లో అన్నిటికన్నా ముందు తేలవలసిన సంగతి కల్లు. ఉమ్మడి మహబూబ్‌నగర్ పల్లెల్లో అల్ప్రజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు పాత సమస్య. రోజూ తాగే మనిషికి తాను మత్తుమందుకు అలవాటు పడ్డానని తెలియకపోవచ్చు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా తగ్గినప్పుడు మూర్ఛలతో, తడబడే మాటతో, వింత ప్రవర్తనతో జనం ఆసుపత్రులకు వచ్చారు. ఆపరేషన్ కోసం చేరిన మనిషికి ఆ రోజు నుంచే కల్లు ఆగుతుంది. రెండు మూడు రోజుల్లో అతనికి వణుకు, భ్రమలు మొదలైతే అది మత్తు ఆగడం వల్లనా, ఆపరేషన్ చిక్కు వల్లనా అని వైద్యులు తికమకపడతారు. కాబట్టి రోజుకు ఎన్ని సీసాలు తాగుతారో సిగ్గుపడకుండా చెప్పాలి. ఆడవాళ్లు కూడా చెప్పాలి. డాక్టరు నెమ్మదిగా మాన్పించి, ఆ తర్వాతే తేదీ పెడతాడు. బైపాస్ అయినవాళ్లకు మద్యం రక్తంలోకి త్వరగా, ఎక్కువగా చేరుతుంది. మునుపు రెండు సీసాలకు ఎక్కని మత్తు ఒక్కదానికే ఎక్కుతుంది. తిండి తగ్గినవాళ్లలో కొందరు తాగుడు వైపు మళ్లడం ప్రపంచమంతటా నమోదైంది. కల్లు మానలేని స్థితిలో ఈ ఆపరేషన్ చేయించుకోకపోవడమే మంచిది.

దూరాన్ని కూడా లెక్క వేసుకోవాలి. చాలామంది 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని హైదరాబాద్ వెళతారు. గద్వాల వైపువాళ్లకు కర్నూలు దగ్గర. ఎక్కడ చేయించుకున్నా, అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఏ బండిలో, ఎన్ని గంటల్లో చేరతాం అన్నది ఆపరేషన్‌కు ముందే తేల్చుకోవాలి.

తర్వాతి జీవనం

మొదటి పది రోజులు జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలి. జ్వరం, నిమిషానికి 120 దాటే నాడి, ఎడమ భుజంలోకి పాకే నొప్పి, ఆయాసం కుట్లు లీకయ్యాయనడానికి సూచనలు కావచ్చు. ఒక కాలు వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. గ్యాస్ అనుకుని ఇంట్లో ఉండిపోకూడదు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెంటనే ఫోన్ చేయాలి.

తిండి మెట్లు మెట్లుగా పెరుగుతుంది. మొదటి రెండు వారాలు ద్రవాలే. వడకట్టిన పప్పుకట్టు, పలుచని మజ్జిగ, ఉప్పు తగ్గించి వడకట్టిన బొక్కల చారు పాలమూరు ఇళ్లలో సులువుగా దొరుకుతాయి. తర్వాత మెత్తగా నలిపినవి, ఆ తర్వాత మృదువైనవి, రెండు నెలలకు దాదాపు మామూలు ఆహారం. అయితే పరిమాణం చిన్న గిన్నెకు మించదు. రోజుకు 60–80 గ్రాముల మాంసకృత్తులు తినాలి. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. పళ్లెంలో మొదట గుడ్డు, చేప, పప్పు, పెరుగు తిని, చోటు మిగిలితేనే అన్నం ముట్టాలి. జూరాల చేపలు ఇందుకు మంచివి, ఆనకట్ట దగ్గర అమ్మే వేపుళ్లుగా కాకుండా పులుసుగా. పల్లీల్లో మాంసకృత్తులు బాగానే ఉన్నా నూనె ఎక్కువ. గుప్పెడు తర్వాత గుప్పెడు నోట్లో వేసుకుంటూ బరువు మళ్లీ తెచ్చుకున్నవాళ్లుంటారు. ఎండిన జొన్న రొట్టె మొదట్లో గొంతు దిగదు. పప్పులోనో కూరలోనో బాగా నానబెట్టి, ముక్క ముక్కగా నమిలి తినాలి.

అన్నంతో నీళ్లు తాగే అలవాటు పోవాలి. తినడానికి, తాగడానికి మధ్య అరగంట ఎడం ఉండాలి. ఒక్కసారే చెంబెడు నీళ్లు ఎత్తి తాగడం ఇక కుదరదు. గుటక గుటకగా రోజంతా కలిపి లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగాలి. ఏప్రిల్, మే ఎండల్లో ఇక్కడ పొలానికి వెళ్లేవాళ్లకు ఇది కష్టం, ఒంట్లో నీళ్లు తగ్గి ఆసుపత్రి పాలయ్యేది అప్పుడే. మొదటి సంవత్సరం ఏకాదశి ఉపవాసాలు, రంజాన్ రోజాలు వైద్యుడిని అడగకుండా ఉండకూడదు. బైపాస్ అయినవాళ్లు పోలెలు, బెల్లం పాకాలు తింటే గుండె దడ, చెమట, విరేచనాలు రావచ్చు. దీన్ని డంపింగ్ అంటారు.

దావత్‌లో ‘ఇంకింత తిను’ అని వడ్డించడం మన మర్యాద. ఆపరేషన్ అయిన మనిషి ఆ మర్యాదను ఎదుర్కోవాలి, ఇంటివాళ్లు అండగా నిలవాలి. ఆరు నెలలకు ‘గింత బక్కగైనవ్, ఏం రోగమొచ్చింది?’ అని ఊరు అడుగుతుంది. క్షయ అనో, మరొకటనో గుసగుసలు పోతుంది. వేలాడే చర్మం, మూడో నెల నుంచి రాలే జుట్టు ఈ మాటలకు తోడవుతాయి. జుట్టు చాలావరకు తిరిగి వస్తుంది. మనసు కుంగినా, తిండితో తీర్చుకునే దిగులుకు ఇప్పుడు దారి లేదనిపించినా సాయం అడగాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. కొందరిలో ఆపరేషన్ తర్వాత ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతాయని అధ్యయనాలు గుర్తించాయి కాబట్టి కుటుంబం దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

పని విషయంలో, బరువులెత్తే కూలీలు, మూటలు మోసేవాళ్లు సుమారు ఆరు వారాలు ఆగాలి. గద్వాల మగ్గం మీద కూర్చునే నేతగాళ్లకు ఎత్తే పని తక్కువే అయినా గంటల తరబడి కూర్చోవడం మంచిది కాదు, మధ్యమధ్య లేచి నడవాలి. మధుమేహం మాత్రల, ఇన్సులిన్ మోతాదు ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే తగ్గించాల్సి రావచ్చు. పాత మోతాదే వేసుకుంటే షుగర్ పడిపోతుంది.

పెళ్లయిన యువతులకు ప్రత్యేకంగా చెప్పవలసినది గర్భం గురించి. బరువు తగ్గగానే ఆగిన నెలసరి తిరిగి వస్తుంది, గర్భం త్వరగా నిలుస్తుంది. బిడ్డకూ తల్లికీ పోషణ చాలాలంటే 12–18 నెలలు ఆగాలి. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటపట్టకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి అడగాలి. పిల్లలు కాలేదని అత్తింటి ఒత్తిడి ఉన్న ఇంట్లో ఈ మాట భర్తతో, అత్తతో కలిసి కూర్చున్నప్పుడే డాక్టరు చెప్పాలి.

గోలీలు, పరీక్షలు

ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. ఐరన్, బి12, డి విటమిన్, కాల్షియం జీవితాంతం వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ గోలీల మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఆగకుండా వాంతులయ్యే మనిషికి బి1 విటమిన్ పడిపోయి మెదడు దెబ్బతినగలదు. అలాంటివాళ్లకు గ్లూకోజ్ ఎక్కించే ముందు బి1 ఇవ్వాలని స్థానిక వైద్యుడికి తెలిసుండాలి. మూడు, ఆరు, పన్నెండు నెలలకు, తర్వాత ఏటా రక్త పరీక్షలు అవసరం. ప్రతిసారీ హైదరాబాద్ వెళ్లనక్కరలేదు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. పరీక్షలు అక్కడ చేయించి, ఫలితాలు సర్జన్‌కు ఫోన్‌లో పంపితే ఒక రోజు కూలీ, బస్సు ఖర్చు మిగులుతాయి.

2011 జనగణన ప్రకారం గద్వాల జిల్లా ప్రాంతంలో అక్షరాస్యత దాదాపు 50 శాతమే. ఇంగ్లిషులో అచ్చేసిన డిశ్చార్జి కాగితం చేతికిచ్చి పంపడం ఇలాంటి చోట వైద్యం అనిపించుకోదు. ఏ గోలీ ఎప్పుడో బొమ్మలతో, తెలుగులో నోటితో చెప్పి, ఇంట్లో చదువుకున్న ఒకరికి కూడా వివరించాలి.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నడుంనొప్పికి వేసే డైక్లోఫెనాక్ సూదులు, నొప్పి గోలీలు బైపాస్ అయినవాళ్లలో పేగు కుట్టు దగ్గర పుండు పుట్టించి రక్తస్రావం తెప్పించగలవు. అందుకే ఈ ఆపరేషన్ అయినవాళ్లు ఏ డాక్టరు దగ్గరికి, ఏ మందుల దుకాణానికి వెళ్లినా మొదట చెప్పవలసింది ఆపరేషన్ సంగతే. డిశ్చార్జి కాగితం ఫోటో తీసి మీ ఫోన్‌లోనూ, ఇంట్లో మరొకరి ఫోన్‌లోనూ ఉంచండి.