రేడియోలో మాట్లాడబోయే ముందు



మన సంఘం తరఫున ఇద్దరు పెద్దలను ఒక రేడియో ముఖాముఖికి పిలిచారు. పావగడ తాలూకా తెలుగువాళ్ళ గురించి అరగంట మాట్లాడాలి. ఈ కబురు వచ్చినప్పటినుంచి మనలో ఒకటే చర్చ. "మన తెలుగు రేడియోకి పనికిరాదు, కన్నడం కలిసిపోయింది. ఎవరిచేతనైనా మంచి తెలుగులో రాయించి చదివేద్దాం" అని చాలామంది అంటున్నారు. రేడియో చరిత్ర చూస్తే ఈ మాటకు జవాబు దొరుకుతుంది. అందుకే ఇది రాస్తున్నాం.

దక్షిణాదిలో రేడియో మద్రాసులో మొదలైంది. 1924లో సి.వి. కృష్ణస్వామి చెట్టిగారు, మరికొందరు కలిసి మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పెట్టారు. డబ్బు చాలక అది 1927లో ఆగిపోయింది. దాని యంత్రంతోనే మద్రాసు కార్పొరేషన్ 1930లో ప్రసారాలు మొదలుపెట్టింది. మన మైసూరు సంస్థానంలో 1935 సెప్టెంబరులో ఎం.వి. గోపాలస్వామి అనే సైకాలజీ ప్రొఫెసరు తమ ఇంట్లోనే ఒక చిన్న కేంద్రం నడిపారు. దానికి పెట్టిన 'ఆకాశవాణి' అనే పేరే తర్వాత దేశమంతటికీ పేరైంది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమై తమిళంతోపాటు తెలుగు కూడా వినిపించింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న, కడప కేంద్రం 1963లో వచ్చాయి.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగింది. రెండుసార్లూ పావగడ మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, బడిలోనూ కచేరీలోనూ కన్నడం. రేడియోలో తెలుగు కావాలంటే పక్క రాష్ట్రపు కేంద్రానికి ముల్లు తిప్పుకోవాలి. అక్కడ వినిపించే తెలుగే అసలైనదనీ, మనది ఏదో తక్కువ రకమనీ మనకు అలవాటైపోయింది.

ఆ కాలంలో రేడియో ప్రసంగానికి పిలుపు వస్తే చాలా పని ఉండేది. ప్రసంగం మొత్తం రాసి ముందే పంపాలి. కేంద్రంవాళ్ళు చదివి ఒప్పుకోవాలి. టేపులు రాకముందు అంతా అప్పటికప్పుడే గాలిలోకి వెళ్ళేది. ఎర్రదీపం వెలిగాక తడబడితే దిద్దుకోవడానికి వీలు లేదు. అన్నిటికన్నా కష్టమైనది, కాగితం చూసి చదువుతున్నా మాట్లాడుతున్నట్టే వినిపించడం. పుస్తకమైతే అర్థంకాని వాక్యాన్ని మళ్ళీ చదువుకోవచ్చు. రేడియో వినేవాళ్ళకు ఆ వీలు లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1940లో కన్నుమూసేదాకా వాడుకభాష కోసం పోరాడారు. చెవితో వినే రేడియోకి ఆ వాడుకభాషే తగినది.

ఇంకో రెండు ఊళ్ళ సంగతి చెప్పుకోవాలి. గాలితరంగాలు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. అయినా పల్లెవాళ్ళకు లైసెన్సు దొరకలేదు. 2003లో మన కోలారు జిల్లా బూదికోటవాళ్ళు తీగలు లాగి ఇళ్ళకు 'నమ్మ ధ్వని' వినిపించారు. 2006లో స్వచ్ఛంద సంస్థలకు కూడా అనుమతి ఇచ్చారు. 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంగం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది దళిత మహిళలు. విత్తనాలు, పంటలు, పాటలు, వంటలు అన్నీ తమ ఊరి తెలుగులోనే చెప్పుకున్నారు. వాళ్ళు తమ భాషను దిద్దుకోలేదు. దేశమే వాళ్ళ దగ్గరికి వచ్చి విన్నది.

కాబట్టి మనం సిద్ధం చేసుకోవలసినవి వేరే ఉన్నాయి. భూమి కాగితాన్ని మనం 'పహణి' అంటాం, మడకశిరలో 'అడంగల్' అంటారు. రెండు మాటలూ ఒకసారి చెబితే చాలు, వినేవాళ్ళకు అర్థమవుతుంది. సోలార్ పార్కు గురించి తప్పకుండా అడుగుతారు. 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలైన కౌలు అని గుర్తుంచుకోవాలి. ఆ భూముల్లో వేరుశనగ పండించినవాళ్ళు ఇప్పుడేం చేస్తున్నారో, భూమిలేని కూలీలకు ఏం మిగిలిందో అంకెలతో తేలదు. ముందుగా వాళ్ళ దగ్గరకే వెళ్ళి అడగాలి. ఆ పార్కు ఊళ్ళ పేర్లు రాయచెర్లు, క్యాతగానచెర్లు. ఆ పేర్లలో మన చెరువు వినిపిస్తూనే ఉంది. నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి, రాయదుర్గం–తుమకూరు రైలుమార్గం సంగతి కూడా తెలుసుకొని వెళ్ళాలి.

తెలుగు అక్షరాలు బడిలో నేర్చినవాళ్ళు మనలో తక్కువ. ఎక్కువమందిది కన్నడ బడి, మా వంటివాళ్ళది తమిళ బడి. ఎవరో రాసిచ్చిన తెలుగు కాగితం చదవబోతే అక్షరాల దగ్గరే ఆగిపోతాం. అందుకే పేర్లు, సంవత్సరాలు, అంకెలు మాత్రం మనకు వచ్చిన లిపిలో ఒక చీటీ మీద రాసుకుంటే చాలు. మిగతాది నోటితోనే చెప్పాలి.

మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట మాత్రమే వచ్చు, రాత రాదు. రేడియోలో మనవాళ్ళు అరువు తెలుగు మాట్లాడితే, అవ్వ మాట్లాడేది తప్పు తెలుగని వాళ్ళు ఖాయం చేసుకుంటారు. అదే అవ్వ మాట రేడియోలో వినిపిస్తే వాళ్ళు ఆ మాటను వదలరు. మీ ఊరి పేరు వెనక కథ, మీ చెరువు సంగతి, మీ ఇంట్లో తప్ప ఇంకెక్కడా వినని మాటలు ఉంటే దయచేసి కింద రాయండి. ఏ లిపిలో రాసినా సరే. పెద్దల చీటీలో చేరుస్తాం.