నీరు పట్టింది

ఇనుముకు తుప్పు పట్టినట్టు, ఆవకాయకు బూజు పట్టినట్టు, ఊపిరితిత్తులకు నీరు పట్టిందంటాం. తిత్తి అంటే తోలుసంచి. కొలిమి దగ్గర గాలి ఊదేదీ తిత్తే, నీళ్లు మోసేదీ తిత్తే. అందుకే కాబోలు, వినగానే నీరు తిత్తి లోపల చేరిందనుకుంటాం. నిజానికి అది చేరేది బయట, ఊపిరితిత్తికీ పక్కటెముకలకీ మధ్య ఉన్న రెండు పలుచటి పొరల నడుమ.

డాక్టర్లు దీన్ని ప్లూరల్ ఎఫ్యూజన్ అంటారు. ప్లూరా గ్రీకు మాట: పక్క, పక్కటెముక. ఎఫ్యూజన్‌కు లాటిన్ మూలం: బయటికి ఒలకడం. చోటు విషయంలో గ్రీకే నయం.

ఆ పొరల మధ్య మామూలుగా ఉండేది రెండు మూడు చెంచాల తడి. క్యాన్సర్ అక్కడికి పాకితే లీటర్ల కొద్దీ ఊరవచ్చు. వీపు వైపు నుంచి, పక్కటెముక పై అంచును ఆనుకుని సూది దించి తీస్తారు. కింది అంచున రక్తనాళాలు, నరం ఉంటాయి మరి. వచ్చేది గడ్డిరంగులోనో ఎర్రగానో ఉంటుంది. దాన్నీ నీరనే అంటాం! అందులో క్యాన్సర్ కణాలు కనిపిస్తే రోగం పేరు మారుతుంది.

అమెరికా ఆస్పత్రుల రికార్డుల్లోని రోగాలకు హైదరాబాద్‌లో కోడ్‌లు వేసేవాళ్లకు అప్పుడది జె91.0. దానికి ముందు అసలు క్యాన్సర్ కోడ్ వేయాలి. ఊపిరితిత్తిదైతే సి34 వరుసలోది. డాక్టరు ఉత్త ఎఫ్యూజన్ అని రాసి ఊరుకుంటే జె90 దగ్గరే ఆగాలి. ఊహించి రాయకూడదు.