అంటువ్యాధి, అనుమానం, ఒక మాట

అంటువ్యాధి వచ్చినప్పుడు జనం వైద్యుని మాటకన్నా ముందు పాత అనుమానాన్ని నమ్ముతారు. ఆ అనుమానం భాషలోనూ చట్టంలోనూ ఎలా నిలిచి ఉంటుందో హైదరాబాదు హిజ్రాల చరిత్రను ఆధారం చేసుకొని పరిశీలిస్తున్నాము.

2020 మార్చిలో, కోవిడ్ తొలి వారాలలో, అమీర్‌పేట మెట్రో స్టేషన్ వద్ద కొన్ని గోడపత్రాలు కనిపించాయి. కొజ్జాలను, హిజ్రాలను దుకాణాల దరికి రానివ్వవద్దనీ, వారితో మాట్లాడితే కరోనా సోకుతుందనీ, కొట్టి తరమాలనీ లేదా 100కు ఫోన్ చేయాలనీ వాటి సారాంశం. దీనికి వైద్యపరమైన ఆధారం లేదు. శుభకార్యాలలో దీవించి, అంగళ్లలో, రైళ్లలో చేయిచాచి బతికే వారికి నలుగురి మధ్యకు వెళ్లడమే జీవనాధారం. లాక్‌డౌన్ దానిని ఆపింది. ఆంక్షలు తొలగినా వారిని దగ్గరికి రానివ్వని భయాన్ని ఆ పత్రాలు నాటాయి.

ఈ అనుమానం ఆనాడు పుట్టినది కాదు. 1871 నాటి బ్రిటిషువారి నేరస్థ తెగల చట్టంలో నపుంసకులపై ఒక భాగమే ఉండేది. హైదరాబాదు సంస్థానంలో 1329 ఫస్లీలో, అనగా 1919లో, అటువంటి చట్టమే వచ్చింది. బాలురను అపహరిస్తారనో, నపుంసకులను చేస్తారనో అనుమానించిన వారి పేర్లు రిజిస్టరులో ఎక్కించేవారు. అలా నమోదైనవారు స్త్రీవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా నిర్బంధించవచ్చు. రెండేళ్ల వరకు జైలుశిక్ష వేయవచ్చు. తృతీయ లింగాన్ని సుప్రీంకోర్టు 2014లో గుర్తించినా, గోడపత్రాలు వెలిసేనాటికి ఈ చట్టం రద్దు కాలేదు. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది.

భయపెట్టడం వల్ల వ్యాధి తగ్గదని ఎయిడ్స్ చరిత్ర చెబుతున్నది. 1982లో అమెరికాలో ఆ వ్యాధిని కొంతకాలం స్వలింగసంపర్కుల పేరుతోనే పిలిచారు. అదే ఏడాది పేరు మారినా మచ్చ పోలేదు. మన దేశంలో 377వ సెక్షనుకు జడిసి బాధితులు వైద్యసేవలకు దూరంగా ఉంటున్నారని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థే ఢిల్లీ హైకోర్టుకు నివేదించింది. ఆ కేసులో తీర్పు 2009లో వచ్చింది. పరస్పర సమ్మతి గల వయోజనుల సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.

ఇక మాట సంగతి. మన ప్రాచీన కావ్యభాషలో ‘పేడి’ ఉంది. ‘కొజ్జా’కు మూలం ‘ఖోజా’, దానికి మూలం పారసీకంలోని ‘ఖ్వాజా’. అది ప్రభువులకు, పెద్దలకు వాడే గౌరవవాచకం. రాజాంతఃపురాల కొలువులో ఉన్నవారికి చెల్లిన ఆ బిరుదు తెలుగు వీధిలో తిట్టుగా దిగజారింది. తమిళనాట ఇందుకు విరుద్ధంగా ‘తిరునంగై’ అనే గౌరవపదం ప్రభుత్వ వ్యవహారంలోకి వచ్చింది.

చెన్నై, బెంగళూరు, బరంపురం, షోలాపూర్లలోని మన విద్యార్థులు తమ ఇళ్లలో ఈ సమాజాన్ని ఏ మాటతో పిలుస్తారో, వారు తమను ఏమని పిలవమంటారో సేకరించవలసిందిగా కోరుతున్నాము. రెండవ ప్రశ్నకు జవాబు వారినే అడిగి తెలుసుకోవాలి.