లిపికి అందని చప్పుళ్ళు

జాలిపడితే నాలుకను పళ్ళ వెనక ఆనించి లాగి చప్పుడు చేస్తాం. రాసేటప్పుడు ‘చ్చొచ్చొచ్చొ’ అంటాం. నోరూరినప్పుడు నాలుకను అంగిటికి కొట్టి వేసేది లొట్ట. బండెద్దులను అదిలించే చప్పుడు దవడ పక్కన పుడుతుంది. తెలుగు అక్షరాలన్నీ ఊపిరి వదులుతూ పలికేవి. ఇవి అలా కాదు. అందుకే దగ్గరి అక్షరాలతో అనుకరణ మాటలు కట్టుకున్నాం.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి వెళ్ళిన ట్రూరో ఓడ డర్బన్ చేరింది. అలా నటాల్ చెరకుతోటలకు వెళ్ళిన కూలీల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడి జూలూ భాషలో ఇలాంటి చప్పుళ్ళు హల్లులు. ఖోయిసాన్ భాషల నుంచి వచ్చి చేరాయి. రోమన్ లిపిలో రాసే జూలూలో ‘సి’ మన జాలి చప్పుడు, ‘క్యూ’ మన లొట్ట, ‘ఎక్స్’ మన అదిలింపు.

అక్కడ అక్షరమైనది ఇక్కడ అనుకరణగానే మిగిలింది. ‘చ్చొచ్చొ’ అని కూడబలుక్కుని చదివితే జాలి వినపడదు. నోటితో చేసి చూపేవాళ్ళుండాలి. ఎద్దుబండ్లు పోయిన ఊళ్ళో మూడోది నేర్పేవాళ్ళు లేరు.